కష్టం ఊరూరా ఉంటే ఉద్యమం ఒక ఊళ్లోనే ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – సమాజశాస్త్రం

*ప్రశ్న: మా జిల్లాలో ఏ ఆందోళన లేచినా "బయటివాళ్లు రెచ్చగొట్టారు" అనేస్తారు. ఇందులో నిజమెంత? పైగా కాశీపూర్‌లో కంపెనీ నిలబడింది, నియమగిరిలో గని రాలేదు. రెండుచోట్లా బాక్సైటే (అల్యూమినియం ఖనిజం), రెండుచోట్లా ఆదివాసులే. తేడా ఎక్కడుంది?*
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: ఆ మాటలో సగం నిజం ఉంది, కాకపోతే అనేవాళ్లు అనుకునే సగం కాదు. లేని కోపాన్ని బయటినుంచి తెచ్చి ఊళ్లో పెట్టడం ఎవరి తరమూ కాదు. కానీ ఉన్న కోపం నెలల తరబడి నిలవాలంటే కేసు వాదించే వకీలు కావాలి, జీపులో డీజిలు కావాలి, జైలుకెళ్లినవాడి ఇంట్లో బియ్యం ఉండాలి, జరిగింది రాసే విలేకరి ఉండాలి. పేదల ఊళ్లో ఇవి దొరకవు, బయటినుంచే రావాలి. జాన్ మెకార్తీ, మేయర్ జాల్డ్ 1977లో చెప్పిన వనరుల సమీకరణ సిద్ధాంతం సారం ఇదే. అసంతృప్తి ఎప్పుడూ ఎంతోకొంత ఉంటుంది కాబట్టి ఉద్యమం ఇప్పుడే ఎందుకు లేచిందో దానితో తేలదు. మారేవి వనరులు, అందుకే వాటిని చూడాలి.

అదే ఏడాది క్రెయిగ్ జెన్‌కిన్స్, చార్లెస్ పెరో అమెరికా వ్యవసాయ కూలీల ఉద్యమాలను పోల్చి చూశారు. 1946-52 మధ్య కూలీలు సంఘం పెట్టి ఓడిపోయారు. 1965-72 మధ్య మళ్లీ పెట్టి గెలిచారు. రెండుసార్లూ బాధ దాదాపు ఒకటే. రెండోసారి వాళ్ల వెనక చర్చిలు, కార్మిక సంఘాలు, విద్యార్థులు, ద్రాక్షపళ్లు కొనడం మానేసిన పట్టణ ప్రజలు నిలబడ్డారు. ప్రభుత్వం కూడా అప్పుడు ఒక్కమాట మీద లేదు.

ఇక ఒడిశాలోని కాశీపూర్, నియమగిరి. కాశీపూర్‌లో వ్యతిరేకత 1990ల మొదట్లోనే లేచింది. 2000 డిసెంబర్ 16న అక్కడి మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. అయినా ఉత్కల్ అల్యూమినా ఫ్యాక్టరీ కట్టారు, 2013లో ఉత్పత్తి మొదలైంది. సరిగ్గా అదే 2013లో జులై, ఆగస్టు నెలల్లో నియమగిరి చుట్టూ పన్నెండు గ్రామసభలు (రాయగడలో ఏడు, కలహండిలో ఐదు) జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో కూర్చుని గని వద్దన్నాయి. పన్నెండుకు పన్నెండూ.

తేడా బాధలో లేదు, మూడు వేరే చోట్ల ఉంది. ఒకటి చట్టం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మైకంచ్ నాటికి లేని తలుపు నియమగిరి వాళ్లకు తెరుచుకుంది. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. డగ్ మెక్‌ఆడమ్, సిడ్నీ టారో లాంటివాళ్లు రాజకీయ అవకాశం అన్నది దీన్నే. రెండోది కంపెనీ. నియమగిరి బాక్సైటు కోరిన వేదాంత షేర్లు అప్పట్లో లండన్‌లో అమ్ముడయ్యేవి కాబట్టి దాని వాటాదార్లను పట్టుకోవచ్చు. నార్వే పెన్షన్ నిధి 2007లో, ఇంగ్లండ్ చర్చి 2010లో ఆ వాటాలు వదులుకున్నాయి.

మూడోది, మేము అన్నిటికంటే బరువైనదనుకునేది, సమస్యను చెప్పిన తీరు. డేవిడ్ స్నో, రాబర్ట్ బెన్‌ఫర్డ్ లెక్కలో ఉద్యమం మూడు పనులు చెయ్యాలి: తప్పు ఎవరిదో చూపాలి, ఏం చెయ్యాలో చెప్పాలి, నువ్వే ఎందుకు కదలాలో ఒప్పించాలి. "భూమి పోతుంది" అంటే అవతలివాడు ఎకరానికి రేటు చెబుతాడు. "కొండ మా దేవుడు నియమ్ రాజా" అంటే చెప్పడానికి రేటు లేదు. పైగా ఆ మాట మతస్వేచ్ఛ హక్కు కిందికి వస్తుంది కాబట్టి కోర్టులో పనికొచ్చింది. అయితే ఆగింది గని ఒక్కటే. కొండ కింద వేదాంత పెట్టిన లంజిగఢ్ ఫ్యాక్టరీ వేరేచోటి బాక్సైటుతో నడుస్తూనే ఉంది. పూర్తి గెలుపని రాసేవాళ్లు ఈ ముక్క వదిలేస్తుంటారు.

*ప్రశ్న: బ్యారేజీ నీళ్లకు పొలాలు మునుగుతున్నయి. నష్టపరిహారం కోసం మీటింగ్ పెడితే అందరూ సై అంటరు. తెల్లారి తహసీల్ ఆఫీసుకు రమ్మంటే పది మంది వస్తరు. మా జనంలో ఐక్యత లేదా?*
– ఒక యువ రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఐక్యత సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. మాన్కర్ ఒల్సన్ 1965లో వేసిన లెక్కే ఇది, అంకెలు మాత్రం ఉదాహరణకు మేము వేసినవి. మూడు వందల కుటుంబాలున్నాయి, గెలిస్తే కుటుంబానికి మూడు లక్షలు వస్తాయి. తహసీల్ దాటి గడ్చిరోలి కలెక్టరాఫీసు దాకా పోవాల్సి వచ్చిందనుకుందాం, దాదాపు రెండు వందల కిలోమీటర్లు వెళ్లి రావడానికి చార్జీలు, పోయిన కూలి కలిపి వెయ్యి రూపాయలు. మూడు వందల్లో ఒకడు అదనంగా వెళితే గెలిచే అవకాశం వెయ్యిలో ఒక వంతు పెరుగుతుందనుకుందాం. అంటే వెళ్లినవాడికి దక్కేది మూడు వందలు, ఖర్చు వెయ్యి. పైగా అతను వెళ్లకపోయినా, మిగతావాళ్లు గెలిస్తే పరిహారం అతనికీ వస్తుంది. ఇంట్లో ఉండిపోయినవాడు పిరికివాడు కానక్కర్లేదు, కూడికలు వచ్చినవాడు అంతే.

ఇప్పుడు అదే పనిని పదిహేను కుటుంబాల జట్టుకు అప్పగించండి. ఈ పదిహేను సర్వే నంబర్ల కాగితాలు ఈ జట్టే తేవాలి, తేకపోతే ఆగిపోయేవి ఈ పదిహేనే. అప్పుడు ఒక మనిషి రాకతో అవకాశం యాభైలో ఒక వంతు పెరిగినా దాని విలువ ఆరువేలు. ఖర్చు అదే వెయ్యి. మనిషి మారలేదు, జట్టు పరిమాణం మారింది. పెద్ద సంఘం నిలవాలంటే చిన్న జట్ల సమాఖ్యగా ఉండాలని ఒల్సన్ అన్నది ఇందుకే.

చెయ్యాల్సినవి వరసగా చెబుతాం. మొదట మునిగిన భూముల జాబితా పేరు, సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా రాయండి. జాబితా లేని మీటింగు ఉపన్యాసంతో ముగుస్తుంది. తర్వాత పన్నెండు నుంచి పదిహేను ఇళ్లకు ఒక జట్టు, ప్రతి జట్టుకు ఇద్దరు బాధ్యులు. ఒక్కడే ఉంటే అతని ఇంట్లో పెళ్లయినా జ్వరమొచ్చినా జట్టు ఆగిపోతుంది. మూడోది, అందరూ ఒకేరోజు కదలాలని పట్టుబట్టకండి. వంతు వెయ్యండి, ఒక్కో జట్టుకు నెలలో ఒక్కరోజు. నాలుగోది, చందా తక్కువగా అయినా ప్రతి ఇంటినుంచీ తీసుకోండి, ఎవరెంత ఇచ్చారో గ్రామ పంచాయతీ గోడమీద రాయండి. ఇవ్వనివాణ్ని తిట్టొద్దు. ఖాళీగా ఉన్న గడి చేసే పని తిట్టు చెయ్యదు.

ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి బతిమాలడం చాలామంది చేసే పొరపాటు. ఆంథొనీ ఒబర్‌షాల్ 1973లో చూపినట్టు జనం విడివిడిగా ఉద్యమంలోకి రారు, గుంపులుగా వస్తారు. మీ దగ్గర బచత్ గట్‌లు (పొదుపు సంఘాలు) ఉన్నాయి, భజన మండళ్లున్నాయి, గణపతి పెట్టే కుర్రాళ్ల మండళ్లున్నాయి. ఒక బచత్ గట్ అధ్యక్షురాలు ఒప్పుకుంటే పన్నెండు ఇళ్లు ఒప్పుకున్నట్టే. మీ జిల్లాలోనే మెండా-లేఖా గ్రామం 2009లో దాదాపు పద్దెనిమిది వందల హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు సాధించింది. అక్కడ దానికి చాలా ముందునుంచే గ్రామసభ నిర్ణయాలు ఓట్లతో కాక అందరి సమ్మతితో జరిగేవి, విషయాలు చదివి చర్చించే అభ్యాస్ గట్ ఉండేది. హక్కు అడిగే రోజుకు కూర్చునే అలవాటు పాతదైపోయింది.

*ప్రశ్న: 2018లో మా తాలూకా సర్పంచులు "మమ్మల్ని తెలంగాణలో కలపండి" అన్నరు. కరువు మాకు కొత్త కాదు, పేదరికం కొత్త కాదు. అప్పుడే ఎందుకు అడిగినట్టు?*
– ఒక పాఠకురాలు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: మీరే సగం జవాబు రాశారు. మారింది ఇవతలి పరిస్థితి కాదు, అవతలిది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు, మే నెలలో రైతుబంధు కింద పంటకు ఎకరానికి నాలుగు వేలు. ధర్మాబాద్‌కు పక్క స్టేషన్ బాసర. నేల ఒకటే, పంటలు ఒకటే, వియ్యంకులు అటూ ఇటూ. పోల్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి మనిషి దొరకడు.

దీన్ని సాపేక్ష లేమి అంటారు. శామ్యూల్ స్టౌఫర్ బృందం రెండో ప్రపంచయుద్ధపు అమెరికా సైనికులను అడిగి 1949లో ప్రకటించిన ఫలితాల్లో ఒక వింత ఉంది. ప్రమోషన్లు తక్కువగా వచ్చే మిలిటరీ పోలీసులు ప్రమోషన్ పద్ధతి బాగానే ఉందన్నారు, ఎక్కువగా వచ్చే వైమానిక దళం వాళ్లు గొణిగారు. పక్కవాడికి రానిచోట తనకు రాకపోతే బాధ లేదు, పక్కవాళ్లందరికీ వస్తున్నచోట తనకు రాకపోతే ఉంది. రన్సిమన్ 1966లో దీనికి నాలుగు షరతులు పెట్టాడు: ఆ వస్తువు నాకు లేదు, నాలాంటివాడికి ఉంది, నాకు కావాలి, నాకు రావడం సాధ్యమే. నాలుగోదాన్ని మనవాళ్లు తరచు మర్చిపోతారు. ముంబైలో ఉన్నవాడి ఫ్లాటు చూసి ధర్మాబాద్ రైతు ఉద్యమం చెయ్యడు. బాసర రైతు ఖాతాలో పడ్డ డబ్బు చూస్తే అది సాధ్యమేనని తెలుస్తుంది, ఎందుకంటే ఇచ్చింది ఒక సంతకం.

రన్సిమన్ ఇంకో గీత గీశాడు. "నేను వెనకబడ్డాను" అనుకున్నవాడు హైదరాబాద్ బస్సెక్కుతాడు. "మా ఊరు వెనకబడింది" అనుకున్నవాళ్లు తీర్మానం రాస్తారు. సర్పంచులు రాసింది రెండోది.

కానీ ఈ సిద్ధాంతాన్ని అతిగా వాడకండి. ఉద్యమం లేచాక "సాపేక్ష లేమి ఉంది కాబట్టే లేచింది" అనడం తేలిక, లేవని ఊళ్లో కూడా అదే లేమి ఉందేమో ఎవరూ వెళ్లి కొలవరు. మన ఉద్యమాలను అధ్యయనం చేసిన ఎం.ఎస్.ఎ. రావు కూడా లేమి ఒక్కటే ఉద్యమాన్ని పుట్టించదనే అన్నారు. ఇక్కడ సర్పంచుల మధ్య ముందే సిద్ధంగా ఉన్న సంబంధాల వల ఉండబట్టి గొణుగుడు డిమాండ్ అయింది.

*ప్రశ్న: మా ఊళ్లో ఠాకురాణి జాతరకు లక్షల్లో జనం కలిసినా ఎవరికీ దెబ్బ తగలదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని పుకారు లేస్తే యాభైమంది ఒక అమాయకుణ్ని కొట్టేస్తారు. గుంపుకి పిచ్చెక్కుతుందా?*
– ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: పిచ్చెక్కుతుందనే గుస్తావ్ లె బాన్ 1895లో అన్నాడు. గుంపులో చేరితే మనిషి బుద్ధి పోయి అంటువ్యాధిలా ఆవేశం పాకుతుందని. ఆ వాదం ఇప్పుడు పెద్దగా నిలవదు. మీ ప్రశ్నలోనే దాన్ని కొట్టేసే సాక్ష్యం ఉంది: రెండేళ్లకోసారి వచ్చే జాతరకు ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు ముందు మొక్కాలో తరాలుగా తెలుసు. హెర్బర్ట్ బ్లూమర్ లెక్కలో అది ఆచారబద్ధమైన గుంపు. సందులో పోగైన యాభైమందికి ఏం చెయ్యాలో తెలీదు, అక్కడుంది అసలు సమస్య.

రాల్ఫ్ టర్నర్, లూయిస్ కిలియన్ 1957లో చెప్పింది మాకు ఎక్కువ నచ్చుతుంది. దారి తెలియని చోట ఎవరో ఒకరు ఒక మాట అంటారు: "కట్టెయ్యండి". పదిమంది ఊ అంటారు, నలభైమంది నోరు మెదపరు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు. ఐదు నిమిషాల్లో అదే ఆ గుంపు నియమం అయిపోతుంది. నిజానికి ఆ నలభైలో చాలామందికి ఇష్టం లేదు, కానీ ప్రతివాడూ మిగతావాళ్లకు ఇష్టమనుకుంటాడు.

మార్క్ గ్రానొవెటర్ 1978లో దీనికి లెక్క కట్టాడు. వందమంది ఉన్నారు. మొదటివాడు ఎవరూ లేకపోయినా రాయి విసురుతాడు, రెండోవాడు ఒకడు విసిరితే, మూడోవాడు ఇద్దరు విసిరితే... అలా వందోవాడు తొంభైతొమ్మిది మంది విసిరితే. వందమందీ విసురుతారు. ఇప్పుడు రెండోవాణ్ని తీసేసి, ఇద్దరు విసిరితేగానీ విసరనివాణ్ని పెట్టండి. మొదటివాడు విసిరి ఆగిపోతాడు, అంతే. రెండు గుంపులూ దాదాపు ఒకటే, ఫలితం మాత్రం ఒకచోట అల్లరి, ఒకచోట ఒక తాగుబోతు రాయి. అందుకే "ఆ ఊరివాళ్లే అంత" అనే మాటకు అర్థం తక్కువ.

పనికొచ్చే సంగతి ఇది. పుకారు బలం విషయం ఎంత ముఖ్యమో, ఎంత అస్పష్టమో ఆ రెంటి గుణకారమని ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లోనే అన్నారు. పిల్లల విషయంలో ముఖ్యత తగ్గించలేరు, అస్పష్టతను సున్నా చేస్తే గుణకారం సున్నా. ఏ ఊళ్లో, ఎవరి పిల్లాడు, ఏ ఠాణాలో కేసు అని మొదటి రెండు మూడు నిమిషాల్లో గట్టిగా అడగాలి. అడిగేవాళ్లు ఇద్దరుండాలి, ఒక్కడే అడిగితే అనుమానం అతని మీదికి తిరుగుతుంది. నియమం కుదిరిపోయాక ఎంత మంచి ప్రశ్నా పనిచెయ్యదు, అప్పుడు పోలీసులే దిక్కు. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా చేసింది ఇలాంటి హత్యల తర్వాతే.

*ప్రశ్న: ఉద్యమం లేవడానికి స్మెల్సర్ చెప్పిన ఆరు అంశాలు బట్టీ పట్టాను. పరీక్షలో ఉదాహరణతో రాయమంటే తికమకపడుతున్నాను. మన తెలుగు ఉదాహరణ చెప్పండి, తప్పులు ఎక్కడ పోతాయో కూడా.*
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన 1992 సారా వ్యతిరేక ఉద్యమం తీసుకోమ్మా, ఆరూ చక్కగా అమరుతాయి. నిర్మాణపరమైన అనుకూలత: అక్షరాస్యత కార్యక్రమం రాత్రి బళ్లలో ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చోవడం, సారా వేలంపాట అనే పట్టుకోదగ్గ లక్ష్యం కళ్లెదుట ఉండటం. ఒత్తిడి: కూలి డబ్బు ఇంటికి చేరకపోవడం, దెబ్బలు. సాధారణీకృత విశ్వాసం: "మా ఆయన తాగుబోతు" అన్న మాట "సర్కారే తాగిస్తోంది" అనే మాటగా మారడం. ఇందులో రాత్రిబడి వాచకంలోని పాఠానికి పాత్ర ఉంది. తక్షణ కారణం: దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణం మూయించారన్న వార్త. సమీకరణ: ఊరూరా సారా బళ్లను ఆపడం, వేలంపాటలను అడ్డుకోవడం. సామాజిక నియంత్రణ: మొదట పోలీసులు, తర్వాత 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారని ఒక్క ముక్క కలుపు.

మార్కులు పోయేది మూడుచోట్ల. ఆరింటినీ తేదీల వరసలో కథలా రాస్తారు. స్మెల్సర్ 1962లో అర్థశాస్త్రం నుంచి తెచ్చుకున్న తర్కం అది కాదు. ఇనుప ఖనిజం కారవ్వాలంటే ముందు ఉక్కు కావాలి, తర్వాతే రంగు. ఏ దశకు ఆ దశ విలువ కలుపుతుంది. తక్షణ కారణం లాంటి సంఘటన పదేళ్ల ముందు జరిగి ఉండొచ్చు, మిగతావి లేక అప్పుడది ఉత్త సంఘటన. రెండో తప్పు, సామాజిక నియంత్రణ అంటే లాఠీ మాత్రమే అనుకోవడం. డిమాండ్ ఒప్పుకోవడం కూడా నియంత్రణే, ఉద్యమాన్ని చల్లార్చడానికి ఎక్కువసార్లు పనికొచ్చేది అదే. మూడోది విమర్శ రాయకపోవడం. ఆ విశ్వాసాన్ని స్మెల్సర్ మంత్రాల్లాంటి అడ్డదారి ఆలోచన అన్నాడు. సర్కారు సారా అమ్మించి ఆదాయం తీసుకుంటున్నప్పుడు "సర్కారే తాగిస్తోంది" అనడంలో అడ్డదారి ఏముంది? ఈ ప్రశ్న నీ మాటల్లో రాస్తే దిద్దేవారు ఆగి చదువుతారు.

*ప్రశ్న: ఇన్ని తెలుగు కుటుంబాలున్నా గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు బడుల కోసం పెద్ద ఆందోళన ఎందుకు లేవలేదు?*
– విశ్రాంత ఉద్యోగి, గుణుపురం

జవాబు: ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చెప్పినట్టు, నచ్చనిచోట మనిషికి రెండు దార్లు: వెళ్లిపోవడం, గొంతెత్తడం. మొదటిది చవకైతే రెండోది బలహీనపడుతుంది. పైగా ముందు వెళ్లిపోయేది బాగా గొంతెత్తగలవాళ్లే. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన 1936లో గిడుగు రామమూర్తిగారు రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అంతటి ఉద్యమకారుడే వెళ్లినచోట మిగతావాళ్ల సంగతి చెప్పాలా? శ్రీకాకుళం, పార్వతీపురం బస్సు దూరంలో ఉండగా తెలుగులో చదివించాలనుకున్న తండ్రి వినతిపత్రం రాయడు, మేనమామ ఇంట్లో పిల్లాణ్ని దిగబెడతాడు. వెళ్లలేనివాళ్లు భూమి ఉన్న రైతులు, బజారులో కొట్టు ఉన్న వ్యాపారులు. మీరు సంతకాలు మొదలుపెట్టేట్టయితే ఆ రెండు జాబితాలతోనే మొదలుపెట్టండి.